దర్స్ విన్నవారు ఇంటికి ఏం తీసుకువెళ్తున్నారు?

ధర్మబోధ చేసేవారు తమను తాము వేసుకోవలసిన మొదటి ప్రశ్న "నేను బాగా మాట్లాడానా?" అన్నది కాదు, "విన్నవారికి ఏం అర్థమయింది?" అన్నది. మన మస్జిదుల్లో, ఇళ్ళలో జరిగే దర్సుల్లో ఈ రెండో ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. గంటసేపు ధారాళంగా ప్రసంగించి, నలుగురి చేత "మాషా అల్లాహ్" అనిపించుకుంటే పాఠం పూర్తయిందనుకుంటాం.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్నే తీసుకుందాం. కృష్ణాజిల్లా మెట్టప్రాంతంగా మనం ఎరిగిన ఈ ఊళ్ళు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి ముస్లిం కుటుంబాల్లో ఉర్దూ మాట్లాడేవారున్నారు. నూర్‌బాషా కుటుంబాల్లో చాలామందికి ఇంటిభాష తెలుగే. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలోనూ పిల్లలు ఎక్కువగా బడిలో చదివేది తెలుగు, ఇంగ్లీషు. వారి ఎదుట కితాబీ ఉర్దూలో "తజ్కియా-ఎ-నఫ్స్" అంటూ మొదలుపెడితే తలలు ఊగుతాయి గాని మాట లోపలికి వెళ్ళదు. అలాగని ఉర్దూ మానేసి "ఏకేశ్వరోపాసన", "ఆత్మ సంస్కరణ" అన్నంత మాత్రాన పని జరగదు. పత్తి తీతకు వెళ్ళివచ్చిన తల్లికి అదీ పరాయి భాషే. అల్లాహ్ ప్రతి ప్రవక్తనూ తన జాతివారి భాషలోనే పంపాడని దివ్య ఖుర్‌ఆన్ (ఇబ్రాహీమ్ సూరా, 4వ ఆయత్) తెలుపుతోంది. జనానికి అర్థమయ్యే రీతిలోనే చెప్పాలని, లేకుంటే వారు అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ తిరస్కరించే ప్రమాదం ఉందని హజ్రత్ అలీ (రజి) హెచ్చరించారు (బుఖారీ).

ఖుర్‌ఆన్ నాజిరా పూర్తిచేసిన అమ్మాయిని "ఫాతిహాలో నువ్వు అల్లాహ్‌ను ఏం కోరుతున్నావమ్మా?" అని అడిగి చూడండి. ఐదుపూటల ఫర్జ్ నమాజుల్లోనే 17 రకాతులు ఉన్నాయి. అన్నిసార్లు నిలబడే బిడ్డకు తాను సన్మార్గం కోసం వేడుకుంటున్నానని తెలియకపోతే ఆ లోటు బిడ్డది కాదు.

పాఠం శ్రోత కళ్ళముందున్న దానితో మొదలవ్వాలి. ఉదాహరణకు, పంట మీద జకాత్, అంటే ఉష్ర్. వానతో పండిన దానిలో పదోవంతు, నీరు తోడి పండించిన దానిలో ఇరవయ్యోవంతు అని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు (బుఖారీ). దీన్ని అరబ్బు ఖర్జూర తోటలతో చెప్పడం కన్నా, వాన మీదే ఆధారపడిన మెట్టచేను ఒకటి, బోరు మోటారు పెట్టిన చేను ఒకటి చూపించి, "ఏ రైతుకు ఖర్చు ఎక్కువ?" అని అడిగితే చాలు. సగానికి తగ్గించడంలోని న్యాయం వినేవారే చెబుతారు. అప్పుడొక రైతు "మరి మా మిరపకు, పత్తికి?" అని తప్పక అడుగుతాడు. ఏయే పంటలకు ఉష్ర్ వర్తిస్తుందన్న దానిపై ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. అక్కడ తోచింది చెప్పేయకుండా "ఆలిమ్‌ను అడిగి వచ్చేవారం చెబుతాను" అనగలగాలి. అలా అంటే పరువు పోతుందనుకునేవారు దర్స్ చెప్పకపోవడమే మేలు.

ప్రశ్న వేసి ఆలోచింపజేయడం దైవప్రవక్త (స) పద్ధతే. ఆకు రాలని, విశ్వాసిని పోలిన చెట్టేదని ఆయన సహచరులను అడిగారు. అది ఖర్జూరమని చిన్నవాడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) మనసుకు తట్టింది, కాని పెద్దల ముందు సిగ్గుపడి చెప్పలేదు (బుఖారీ). మన మక్తబుల్లో ఇలా నోరు మెదపని పిల్లలు ఎందరో! వారి చేత మాట్లాడించడమే ఉస్తాద్ పని. బెత్తంతో అది జరగదు. కొత్తగా ఇస్లాం స్వీకరించిన హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) నమాజులోనే మాట్లాడితే చుట్టూ ఉన్నవారు కోపంగా చూశారు. నమాజయ్యాక దైవప్రవక్త (స) ఆయన్ను కొట్టలేదు, తిట్టలేదు, కసురుకోలేదు. నమాజులో మనుషుల మాటలు తగవని మాత్రం నేర్పారు. అంత మంచి గురువును తాను ముందుగాని తర్వాతగాని చూడలేదని ఆయనే చెప్పుకున్నారు (ముస్లిం).

ఇక సమయం. రోజూ బోధించమని అడిగినా హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) గురువారాలకే పరిమితమయ్యారు. వినేవారికి విసుగు కలగకూడదని దైవప్రవక్త (స) పాటించిన జాగ్రత్తే అది (బుఖారీ). మిరప కోతల రోజుల్లో స్త్రీలు పొద్దుగూకాక ఇల్లు చేరి వంట మొదలుపెడతారు. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవారికి ప్రతివారం ఒకే సాయంత్రం కుదరదు. వారు రావడం లేదని నిందించే ముందు, వారికి ఏ పూట వీలవుతుందో ఒకసారి అడగాలి. మహిళలు తమకంటూ ఒక రోజు కావాలని కోరినప్పుడు దైవప్రవక్త (స) కేటాయించారు (బుఖారీ). పావుగంట, ఒక్క ఆయత్ లేక ఒక్క హదీసు, చివర ఒకరి చేత సొంత మాటల్లో తిరిగి చెప్పించడం. వారు చెప్పలేకపోతే వచ్చేవారం కూడా అదే పాఠం.