బాలికలకు ఆత్మరక్షణ విద్య

కడప మండలమున పెన్నానది యొడ్డున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణములు కలవు. ఆ రెంటికిని నైరృతి దిక్కున పులివెందుల యున్నది. తెల్లవారినది మొదలు చుట్టుప్రక్కల పల్లెలనుండి ఈ మూడు పట్టణములకును బస్సులు వచ్చుచుండును. పుస్తకముల సంచులు ఒడిలో నుంచుకొని వానిలో కూర్చుండు బాలికలు ఎందరో కలరు. పల్లెలోని బడి ముగిసిన పిమ్మట చదువవలెనన్నచో బస్సెక్కక తప్పదు. బస్సు దిగినచోటు మొదలు కళాశాల వరకును, సాయంకాలము తిరిగి ఇల్లు చేరువరకును గల దారియే పెక్కు ఇండ్లలో తల్లిదండ్రుల దిగులునకు కారణము. "పిల్ల బాగుగనే చదువును గాని, దారి మంచిది కాదు" అని చదువు మాన్పించిన ఇండ్లును లేకపోలేదు. దారి చెడ్డదైనచో దానిని బాగుచేయవలసినవారు పెద్దలు, పోలీసువారు, పాలకులు. తప్పు చేసినవానిదే గాని బాలికది కాదు. ఐనను ఆ దారి బాగుపడునంతవరకు బాలిక ఇంట కూర్చుండవలసినదేనా? ఆత్మరక్షణ విద్యను గూర్చిన ఆలోచన ఇక్కడనే పుట్టుచున్నది.

"ఆడపిల్లకు సాము ఏలనే?" అని మనుమరాలిని ప్రశ్నించు జేజి ఈ సీమలో నేటికిని కలదు. ఆ జేజికి తెలియని సంగతి యొకటి యున్నది. కడప సీమ విజయనగర సామ్రాజ్యమున చేరియుండిన కాలమున, 1535 ప్రాంతమున, న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు ఆ రాజ్యమును గూర్చి వ్రాసెను. రాజనగరులో లెక్కలు వ్రాయు స్త్రీలును, మల్లయుద్ధము చేయు స్త్రీలును ఉండిరని అతడు తెలిపెను. తరువాతి కాలమున సాము మగవారి సొత్తయినది. రాయలసీమలోని తాలింఖానాలలో కర్రసాము, కత్తిసాము నేర్చి, పీర్ల పండుగ దినములలో వీథులలో ప్రదర్శించినవారు మగవారే. స్త్రీలు అరుగులపై నిలిచి చూచిరి.

ఇతర దేశములలో ఈ అడ్డు ఎట్లు తొలగెనో తెలిసికొనుట మంచిది. జపాను దేశమున కానో జిగోరో అను పండితుడు ప్రాచీన జుజుత్సు విద్యనుండి ప్రాణాపాయము గల పట్లను తొలగించి, 1882లో జూడో అను క్రొత్త విద్యను నెలకొల్పెను. ఎదుటివాని బలమును ఎదిరింపక, ఆ బలమునే వాడుకొని వానిని పడద్రోయుట ఇందలి కిటుకు. ఇంగ్లండులో స్త్రీలు ఓటు హక్కునకై పోరాడుచున్న దినములలో, ఎడిత్ గారడ్ అను ఉపాధ్యాయిని వారికి జుజుత్సు నేర్పెను. ఆమె యెత్తు అయిదడుగులకంటె ఒక అంగుళము తక్కువ! 1913లో ఆ ఉద్యమ నాయకురాండ్రను కాపాడుటకు ఏర్పడిన స్త్రీల దళమునకు శిక్షణ నిచ్చినది ఆమెయే. మన దేశమున రవీంద్రనాథ ఠాగూరు 1929లో తకగాకి అను జూడో గురువును జపానునుండి శాంతినికేతనమునకు రప్పించెను. అచట బాలురతోపాటు బాలికలును జూడో నేర్చిరి.

నేడు మన పట్టణములలో వినవచ్చు పేర్లు పెక్కు: కరాటే, టైక్వాండో, జూడో, కుస్తీ, బాక్సింగు, కర్రసాము. వీనిలో ఏది గొప్పది? ఈ ప్రశ్న అడుగని బాలిక లేదు. తన విద్యయే గొప్పదని చెప్పని గురువును లేడు.

కరాటేలో పిడికిలి దెబ్బకును, కాలి దెబ్బకును సమముగ స్థానము కలదు. ఒకినావా దీవినుండి ఫునకోషి అను గురువు దానిని 1922లో టోకియో నగరమునకు తెచ్చెను. కొరియా దేశపు టైక్వాండోలో కాలి దెబ్బలు ప్రధానము. నడుమునకు, తొడలకు వ్యాయామము హెచ్చు. బాక్సింగులో చేతులు మాత్రమే పనిచేయును గాని, ముఖము మీదికి వచ్చు దెబ్బను చూచి కన్ను మూయకుండుట దానివలె నేర్పునది మరియొకటి లేదు. నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ చిన్ననాట క్రీడాస్థలమున బాలురు మాత్రమే బాక్సింగు చేయుట చూచి, బాలికలు ఏల చేయరని తండ్రి నడిగెను. ఆ బాలికయే 2022లోను, 2023లోను ప్రపంచ విజేత్రి యయ్యెను. కర్రసాము భుజములకును, మణికట్టునకును బలము నిచ్చును. చేత గొడుగున్నను, పొడవాటి కట్టె యున్నను పనికివచ్చును.

జూడోను, కుస్తీని గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. దారిలో బాలికకు కలుగు ఆపద దూరమునుండి వచ్చు పిడికిలి దెబ్బ కాదు; చేయి పట్టుకొనుట, జడ లాగుట, చున్నీ లాగుట, వెనుకనుండి చుట్టి పట్టుట. ఇట్టి పట్టును విడిపించుకొనుటయే ఈ రెండు విద్యలకు ప్రాణము. మణికట్టును ఒకడు పట్టుకొన్నపుడు వాని నాలుగు వ్రేళ్ళు ఒకవైపునను, బొటనవ్రేలు మరియొకవైపునను ఉండును. వ్రేళ్ళ కొనలును, బొటనవ్రేలి కొనయు కలియుచోటనే ఆ పట్టు బలహీనము. చేతిని వెనుకకు లాగినచో నాలుగు వ్రేళ్ళ బలముతో పెనుగులాడవలసివచ్చును. మోచేతిని ముందునకు త్రోయుచు, మణికట్టును బొటనవ్రేలివైపునకు త్రిప్పినచో ఆ బలహీనపు సందునుండి చేయి బయటపడును. చదివినంతమాత్రమున ఇది రాదు. తోటి బాలిక గట్టిగ పట్టుకొనగా నూరుమార్లు విడిపించుకొన్న పిమ్మట చేతికి అలవాటగును.

జూడో నేర్వ వచ్చిన వారికి గురువు మొదట నేర్పునది పడుట. గడ్డమును రొమ్మున కానించి, వీపును గుండ్రముగ వంచి, అరచేతితో నేలను చరచుచు పడినచో తలకు దెబ్బ తగులదు. ఈ నేర్పు బురదలో జారినపుడును, బస్సు మెట్లపై కాలు తప్పినపుడును, ముసలితనమునను ఉపయోగపడును. శత్రువు ఎన్నడును ఎదురుపడని వారికిని పనికివచ్చు విద్య యిది. నేర్చుకొనునపుడు మెత్తని చాపలు తప్పక కావలెను. ఒట్టి నేలపై పడవేయించు గురువునొద్ద చేరరాదు.

కాబట్టి విద్య పేరుకంటె నేర్పు తీరును చూడవలెను. నడుమున కట్టు పట్టీల రంగులును, పెంకులు పగులగొట్టు ప్రదర్శనలును చూచుటకు వేడుకగ నుండును. కదలని పెంకును కొట్టుట వేరు. లాగుచున్న మనిషి చేతినుండి తప్పించుకొనుట వేరు. తరగతిలో బాలికలు వరుసగ నిలిచి గాలిలో చేతులు విసరుట మాత్రమే యున్నచో అది వ్యాయామమగును గాని రక్షణ కాదు. జతలు జతలుగ నిలిచి ఒకరినొకరు నిజముగ పట్టుకొనుట, విడిపించుకొనుట ఉండవలెను. గెలుచుటకాక, తప్పించుకొని పరుగెత్తుట ఇందలి లక్ష్యమని మంచి గురువు మొదటి దినముననే చెప్పును.

ఇంకొక సంగతి చెప్పుటకు పెద్దలు వెనుకాడుదురు గాని, అది బాలికలు తెలిసికొనవలసినదే. మన దేశమున నమోదగు అత్యాచారపు కేసులలో నూటికి తొంబదికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. చీకటి సందులో దాగిన అపరిచితులు కొలదిమంది. కావున పిడికిలికంటె ముందు గొంతును సాధన చేయవలెను. "వద్దు" అని మొగమాటము లేక బిగ్గరగ పలుకుట, ఆ స్థలమును విడిచి వెడలుట, చుట్టమైనను సరే జరిగినది తల్లితోనో ఉపాధ్యాయినితోనో చెప్పుట – ఇవియు ఆత్మరక్షణ విద్యలో భాగములే. కెనడా దేశమున మూడు విశ్వవిద్యాలయములలో సుమారు 900 మంది విద్యార్థినులపై ఒక పరిశోధన జరిగెను. ఆపదను ముందుగ గుర్తించుట, మాటతో ఎదిరించుట, దేహముతో ఎదిరించుట అను మూడింటిని 12 గంటలు నేర్పిరి. శిక్షణ పొందినవారిలో ఒక సంవత్సరమున అత్యాచారములు దాదాపు సగమునకు తగ్గెనని 2015లో ప్రకటించిరి. పన్నెండు గంటల నేర్పునకే ఇంత ఫలము!

ఇక దేహపుష్టి. పెరుగు వయస్సు పిల్లలు దినమునకు 60 నిమిషములు చెమట పట్టునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పై విద్యలలో ఏదైనను అందుకు సరిపోవును. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులు. మెట్లెక్కినంతనే ఆయాసపడు బాలిక కుస్తీ పట్లను ఎట్లు పట్టును? రాగిసంకటి, ఆకుకూర పప్పు, చెనక్కాయలు ఈ సీమలో కొరతలేనివి. బడిలో ఇచ్చు ఇనుము మాత్రలను పారవేయక మ్రింగవలెను.

దెబ్బకొట్టినచో తననే పోలీసువారు పట్టుకొందురేమో యని భయపడు బాలికలు కలరు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 34వ సెక్షను ప్రకారము ఆత్మరక్షణకై చేసిన పని నేరము కాదు. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదని 37వ సెక్షను చెప్పుచున్నది. పట్టు వదలి పారిపోవువానిని వెంటాడి కొట్టుట ఆత్మరక్షణ కాదు. ఆపదలో 112కును, స్త్రీలకైన 181కిని, పిల్లలకైన 1098కిని ఫోను చేయవచ్చును.

ముగ్గురు బాలికలను ఊహింతము. ప్రొద్దుటూరి బాలికకు కాలినడక దూరముననే తరగతులు దొరకును. ఆమె తల్లిని వెంటబెట్టుకొని రెండు మూడు చోట్లకు పోయి, ఒక్కొక్క గంట కూర్చుండి చూచి ఎంచుకొనవలెను. తల్లిదండ్రులు చూచుటకు సమ్మతింపని గురువునొద్దకు మరల పోనక్కరలేదు. జమ్మలమడుగు ప్రక్క పల్లెలోని బాలికకు గురువు లేడు, బడి యున్నది. ప్రభుత్వ పాఠశాలలలో ఆరు మొదలు పండ్రెండవ తరగతి వరకు గల బాలికలకు మూడు నెలల శిక్షణ నిచ్చుటకు రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ పథకము కలదు. తమ బడిలో అది ఎప్పుడు మొదలగునో ప్రధానోపాధ్యాయుని అడుగవలెను. ఒక్కరు కాక తరగతిలోని బాలికలందరు కలిసి అడిగినచో మరింత మంచిది. అంతవరకు కబడ్డీ ఆడవచ్చును. పట్టు విడిపించుకొని గీత దాటుట అందులోను ఉన్నది గదా!

పులివెందులకు బస్సులో వచ్చి చదువు బాలిక సంగతి వేరు. ఆమె మొదట అడుగవలసినది విద్య పేరు కాదు, తరగతి ముగియు వేళ. తన పల్లెకు పోవు కడపటి బస్సు వెళ్ళిన పిమ్మట ముగియు తరగతి, గురువు ఎంతటి వాడైనను, ఆమెకు పనికిరాదు. ఉదయము కళాశాలకు ముందు ఒక గంట నేర్పువారు దొరికినచో, అది కరాటేయైనను, కుస్తీయైనను, కర్రసామైనను చేరవచ్చును. తన యూరినుండి అదే బస్సులో వచ్చు మరియొక బాలికనుగూడ చేర్చుకొనినచో, సాధనకు జతయు దొరకును.