పాత కారు – పని తెలిసిన మేస్త్రీ

వస్తువు పాతబడుట వేరు, పాడగుట వేరు. ఈ భేదము తెలియక కొందరు బాగుపడదగిన కారును తుక్కు క్రింద అమ్మివేయుచున్నారు. మరికొందరు ప్రాణాపాయకరమైన కారులో ఆలుబిడ్డలను ఎక్కించుకొని తిరుగుచున్నారు. ఆ భేదమును చూపగలవాడు ఆ రకపు కార్ల మర్మమెరిగిన మెకానిక్కు. అతని వద్ద ఏమి చెప్పవలెను, ఏమి అడుగవలెను, అతని శ్రమకు విలువ ఎట్లు కట్టవలెను అను విషయములు గృహస్థులు తెలిసికొనదగినవి.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతములు ఉద్యోగులతో నిండినవి. కొలువులో చేరిన తొలినాళ్ళలో వారు కొన్న కార్లలో పెక్కింటికి నేడు పదిహేనేండ్లు దాటినవి. కొన్నింటి తయారీయే నిలిచిపోయినది. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ఆగినది. షెవర్లే కార్ల అమ్మకము మన దేశమున 2017తో ముగిసినది. ఫోర్డు సంస్థ ఇచటి తయారీకి స్వస్తి చెప్పుచున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించెను. ఇట్టి కార్లు గలవారికి, ఆ రకపు పనిలో ఏండ్ల తరబడి చేయి తిరిగిన ఉస్తాదే దిక్కు. రాణిగంజ్ దుకాణములలో ఏ భాగము దొరకును, ఏది అసలుది, ఏది నకిలీది అను వివేకము అతనికి అనుభవము వలన కలుగును.

కాలము దేనిని తినును?

కారు తక్కువ తిరిగినను కాలము దానిని విడువదు. రబ్బరు గొట్టములు బీటలు వారును. ఇంజనులోని టైమింగు బెల్టు కిలోమీటర్లతో పాటు ఏండ్ల లెక్కను బట్టియు మార్చదగినది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. అట్టి ఆయిలు ఎడతెగక బ్రేకు వేసినపుడు వేడికి మరగి ఆవిరి బుడగలు కట్టును. అపుడు పెడలు మెత్తబడి బండి ఆగదు. టైరు ప్రక్కన నాలుగంకెలు ముద్రింపబడి యుండును. 2319 అనిన 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. గాడులు లోతుగా ఉన్నను వయసు మీరిన టైరును నమ్మరాదు. 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుండి బంకులలోనికి వచ్చినది. పాత కార్లలో పెక్కింటి ఇంధన గొట్టములు, వాషర్లు దానికి తగినట్లు చేసినవి కావు గనుక వానిని పరీక్షింపజేయుట మేలు.

లక్షణము చెప్పుట యజమాని ధర్మము

వైద్యునికి రోగి తన బాధ దాచకుండ చెప్పునట్లు, యజమాని కారు లక్షణములను ఉన్నవి ఉన్నట్లు చెప్పవలెను. ఉదాహరణకు ఇంజను వేడెక్కుచున్నదని మాత్రము చెప్పిన చాలదు. గచ్చిబౌలి కూడలి వద్ద వాహనముల రద్దీలో నిలిచినపుడు వేడెక్కి, అవుటర్ రింగు రోడ్డుపై వేగముగా పోవునపుడు చల్లబడుచున్నచో, దోషము ముందుగా రేడియేటరు ఫ్యానులోనో, దాని రిలేలోనో వెదకవలెను. వేగములో ఎదురుగాలియే ఫ్యాను పని చేయును. అట్లుగాక వేగములోనే వేడెక్కుచున్నచో రేడియేటరు పూడుకొనుట, నీటి పంపు బలహీనపడుట మొదలగువానిని అనుమానింపవలెను. ఈ ఒక్క మాట చెప్పనందున అక్కరలేని భాగములకు వేల రూపాయలు వ్యయమగుట కలదు.

కారణము కనుగొనుట మేస్త్రీ ధర్మము

ఇపుడు గ్యారేజీలలో స్కానరు యంత్రములున్నవి. కారు కంప్యూటరు గుర్తించిన దోషసంఖ్యను అది చూపును. కాని ఆ సంఖ్య దోషమున్న తావును సూచించును గాని మార్చవలసిన వస్తువును నిర్ణయింపదు. ఇంధనము పాలు తగ్గినదని యంత్రము చెప్పినపుడు, నిజకారణము పగిలిన ఒక చిన్న రబ్బరు గొట్టము కావచ్చును. దానిని పొగతోనో, చెవితోనో, చేతితోనో కనుగొనుటయే విద్య.

ఈ విద్యకు వేరుగా వేతనమియ్యవలెను. మార్చిన భాగముపై వచ్చు లాభమే మేస్త్రీకి జీవనాధారమైనచో, మార్చుట వైపే అతని మనస్సు మొగ్గును. పరీక్షకే కూలి ముట్టినచో, మార్చనక్కరలేదని చెప్పుటకు అతనికి ధైర్యము కలుగును. పరీక్షానంతరము పనుల పట్టికను వ్రాయించుకొని మూడు తరగతులుగ విడదీయుమని కోరవలెను. బ్రేకులు, స్టీరింగు, టైర్లు ఒక్కదినమైనను వాయిదా వేయరానివి. ఇంజను చల్లదనము, బెల్టులు తరువాతివి. ఏసీ, రంగు, అలంకారములు చివరివి. తీసివేసిన పాత భాగములను చూపుమని అడుగుట అవమానము కాదు. ఇరువురికిని అది రక్షణ.

విడువవలసిన వేళ

సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేండ్లు చెల్లును. పిదప తనిఖీ జరిపించి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిలు 1 నుండి 600 రూపాయల నుండి 5000 రూపాయలకు పెరిగినది. రుసుమును మరమ్మతు పట్టికతో కలిపి చూచుకొని నిర్ణయించుట వివేకము. అడుగుభాగపు ఉక్కు తుప్పు పట్టి బలము కోల్పోయినదని మేస్త్రీ చెప్పినచో మాత్రము మమకారము చాలించవలెను. ఇంజను బాగుచేయవచ్చును గాని, ప్రమాదవేళ కుటుంబమును కాచు ఉక్కు చట్రమును అతుకులతో నమ్మరాదు.

కాయకములో ఎక్కువ తక్కువలు లేవనుట శరణుల మార్గము. త్రాళ్ళు పేనిన నులియ చందయ్యయు, బట్టలుతికిన మడివాళ మాచయ్యయు కల్యాణపు శరణులలో గౌరవము పొందినవారే. అద్దాల మేడలో కంప్యూటరు ముందు కూర్చుండువాని పని, బండి క్రింద పరుండి నట్టు బిగించువాని పని ఒక్క త్రాసులోనివే. కార్యాలయమున తన జ్ఞానమునకు జీతము తీసికొనువాడు, గ్యారేజీలో ఎదుటివాని జ్ఞానమునకు వెల ఇయ్య వెనుకాడుట న్యాయము కాదు. అట్లే తీయని భాగమును తీసితినని చెప్పి పుచ్చుకొన్న సొమ్ము కాయకఫలము కానేరదు. యజమాని నిజము చెప్పి, మేస్త్రీ నిజము వెదకి, ఇరువురును న్యాయమైన వెలకు సమ్మతించినచో, ఆ కారులో కూర్చుండు పిల్లలు క్షేమముగా ఇల్లు చేరుదురు.