సందేహాలు - సమాధానాలు: తలుపు మూసిన ఇల్లు

ప్రశ్న: మాది పెగడపల్లి మండలంలో ఒక ఊరు. మా ఆయన పదిహేనేండ్లు దుబాయిలో లేబర్ కాంట్రాక్టు చేసిండు. ఊర్లో రెండంతస్తుల ఇల్లు కట్టినం, పదిమందికి పెట్టినం. బిల్లులు ఆగిపోయి అంతా మునిగింది. అక్కడ బ్యాంకు బాకీ, ఇక్కడ నోట్ల మీద రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు. ఆయన గడప దాటుతలేడు. పెండ్లికి ముందు నేను బీడీలు చేసేదాన్ని. మా అత్త "ఈ ఇంటి కోడలు చాట పట్టుడా" అంటది. అందుకే తలుపు పెట్టుకొని, కత్తెర చప్పుడు బయటికి పోకుండా టీవీ పెద్దగా పెట్టి చేస్తున్న. నా బంగారం అమ్మి అప్పు కట్టాల్నా? దుబాయి బాకీ ఇక్కడికి వస్తదా? నా కొడుకు మెడకు చుట్టుకుంటదా? - ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ టీవీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ బుగులు కొంత తీరాలి.

పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, పెండ్లిలో మీకు వచ్చిన బంగారం స్త్రీధనం. అత్తింట్లో ఉన్నంత మాత్రాన అది ఉమ్మడి ఆస్తి అయిపోదని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త అప్పులోళ్లకు దానిమీద హక్కు లేదు. ఒక్కటే మెలిక. ఏ నోటు మీదనైనా మీరు జమానత్ సంతకం పెట్టారా? పెట్టి ఉంటే ఆ అప్పు మీది కూడా అవుతుంది. ఇవాళే కాగితాలు వెతికి చూసుకోండి. ఇక అమ్మడం మాట. మిత్తికి పోసిన బంగారం మంచులా కరిగిపోతుంది, అసలు అలాగే ఉంటుంది. పెద్దమనుషుల్లో మిత్తి తగ్గించి రాజీ కుదిరి, నోటు మీ చేతికి తిరిగి వస్తుందంటేనే ఒక్క నగైనా కదిలించండి.

దుబాయి బాకీ వస్తుంది. ఊరు చేరితే తప్పించుకున్నట్టే అని చాలామంది అనుకుంటారు. 2020 జనవరి 17న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ తర్వాత, అక్కడి సివిల్ కోర్టు డిక్రీని మన జిల్లా కోర్టులో అమలు చేయించుకోవచ్చు. కొంత ఊరట ఏమిటంటే, 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేక చెక్కు వాపసైతే అక్కడ చాలావరకు క్రిమినల్ కేసు కాదు. బ్యాంకు నుంచి వచ్చే మెయిళ్లను వదిలేయకుండా, కొంత మొత్తానికి సెటిల్ చేసుకుంటామని రాతపూర్వకంగా అడగండి.

కొడుకు గురించి నిశ్చింతగా ఉండండి. తండ్రి రుణం తీర్చడం కొడుకు ధర్మమన్న ఒక్క కారణంతో కొడుకును పట్టుకోవడానికి, 2005 సెప్టెంబర్ 9 తర్వాత చేసిన అప్పుల విషయంలో, చట్టం ఒప్పుకోదు. తండ్రి నుంచి ఆస్తి సంక్రమిస్తే ఆ మేరకే బాధ్యత.

మీ ఆయన గడప దాటకపోవడం సోమరితనం అనుకోకండి. పదిమందికి పని ఇచ్చిన మనిషి ఇప్పుడు ఎవరి కండ్లలోకీ చూడలేకపోతున్నాడు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆయన నోట చావు మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, అదే రోజు దవాఖానకు తీసుకెళ్లండి.

ఇప్పుడు టీవీ సంగతి. దొంగచాటుగా చేస్తున్నారంటే బీడీ పుస్తకం ఇంకెవరి పేరు మీదనో ఉండి ఉంటుంది. అంటే మీ వేళ్ల కష్టానికి పడే పీఎఫ్ వాళ్ల ఖాతాలో జమవుతోంది. మీ అత్తగారి ఇజ్జత్ కోసం నెలనెలా మీరు కడుతున్న మిత్తి అది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊర్లలో గల్ఫ్ నుంచి పైసలు ఆగిన నెలల్లో ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగించింది ఈ చాటే. అత్తగారికీ ఆ సంగతి తెలుసు. టీవీ ఆపి, తలుపు తీసి అరుగు మీద కూర్చోండి. పుస్తకం మీ పేరున రాయించుకోండి.

ప్రశ్న: నాన్న నష్టపోయి అప్పులపాలయ్యాక నన్ను హైదరాబాద్‌లో ప్రైవేటు కాలేజీ మాన్పించి జగిత్యాలలో డిగ్రీలో చేర్పించారు. పాత దోస్తులు ఎదురైతే దారి మార్చుకుంటున్నాను. నాన్నతో మాటల్లేవు. - విద్యార్థి, కోరుట్ల

జవాబు: బాబూ, మా నాన్నకు పసుపు అడ్తి ఉండేది. నేను పదో తరగతిలో ఉండగా మునిగింది. కాంట ఎత్తి ఆటోలో వేసుకుపోతుంటే, గోడకు ఆనించి ఉన్న ఖాళీ గోనెసంచులను ఆయన ఒక్కొక్కటే మడతపెట్టడం ఇప్పటికీ నా కండ్ల ముందుంది. తర్వాతి సీజన్‌కు ఇంకొకరి దగ్గర గుమాస్తాగా చేరాడు. మొదటి రోజు రాత్రి అన్నం దగ్గర, మా అందరి ముందు, తన జీతం ఎంతో, అప్పు ఇంకెంత ఉందో అమ్మకు చెప్పాడు. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో భయం తగ్గింది. ఏది అడగవచ్చో ఏది అడగకూడదో పిల్లలకు తెలిసిపోయింది.

నువ్వు నాన్నను అడగాల్సింది అదే. "మొత్తం ఎంత ఉంది నాన్నా?" అను. నిన్ను తప్పుపట్టడానికి అడుగుతున్నానని ఆయనకు అనిపించకుండా, ఒక కాగితం, పెన్ను తీసుకొని పక్కన కూర్చో.

ఇక దారి మార్చుకోవడం గురించి ఒక మాట. 1978 నాటి రైతుకూలీల పోరాటం తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో దొరల కుటుంబాలు గడీలు విడిచి పట్నాలు చేరాయి. వెట్టి మీద నిలిచిన ఆ గడీలు పడిపోయినందుకు నాకు బాధ లేదు. మీ నాన్నది అలాంటి సంపాదన కాదు. ఎవరినీ ముంచకుండా నష్టపోయిన ఇంటి పిల్లవాడివి, మెయిన్ రోడ్డు మీదనే నడువు.

ప్రశ్న: ఎనిమిది సాంచాల (మరమగ్గాల) ఆసామిని. బతుకమ్మ చీరల ఆర్డర్లు చూసి అప్పు చేసి ఇంకో నాలుగు కొన్నాను. అంతా మునిగి, ఇప్పుడు వేరేవాళ్ల దగ్గర కార్మికుడిని. ఐపీ పెట్టమంటున్నారు. ఇల్లు ముందే భార్య పేరున రాస్తే సరిపోతుందా? - సిరిసిల్ల

జవాబు: రాయకండి అన్నా. 1920 నాటి దివాలా చట్టం ప్రకారం, అలాంటి రాతలు రెండేళ్ల లోపువైతే కోర్టు రద్దు చేయగలదు, మీ నిజాయితీ మీదా మచ్చ పడుతుంది. ఐపీ అంటే ఆస్తంతా కోర్టు చేతిలో పెట్టడం. విడుదల ఉత్తర్వు వచ్చేదాకా, దివాలా తీశానని చెప్పకుండా యాభై రూపాయలు అప్పు తీసుకున్నా నేరమే. వంట పాత్రలు, పరుపులు, భార్య మంగళసూత్రం ఎవరూ జప్తు చేయలేరు. చేతిపనివారి పనిముట్లకూ రక్షణ ఉంది కానీ, కూలీలను పెట్టి నడిపే సాంచాలకు అది వర్తిస్తుందని నమ్ముకోవద్దు.

ముందు లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించండి. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి, కట్టగలిగినంతకే ఒప్పుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లేటప్పుడు నోట్ల జిరాక్సులు, ఇప్పటిదాకా మిత్తి కట్టిన చిట్టా తీసుకుపోండి. మీ ఇంటామెను కూడా వెంటబెట్టుకొని పోండి.