చిన్న శిక్ష, తప్పని శిక్ష



నీ ఉత్తరం అందింది. మీ జిమ్‌లో ఆ కుర్రాడిని మించిన బాక్సర్ లేడనీ, అయితే ప్రాక్టీసుకు వేళకు రాడనీ, హాస్టల్లో చిన్నపిల్లల మీద చెయ్యి చేసుకుంటున్నాడనీ రాశావు. పోటీలు దగ్గరపడ్డాయి కనుక చూసీచూడనట్టు ఊరుకోవాలా, పంపించెయ్యాలా అని అడిగావు. రెండూ వద్దు నాయనా. శిక్ష చిన్నదిగా ఉండాలి, ఆ రోజే పడాలి, ఎవరికైనా ఒకేలా పడాలి.

మైక్ టైసన్ సంగతి చూడు. బాలనేరస్థుల బడిలో ఉండగా అక్కడ పనిచేసే మాజీ బాక్సర్ బాబీ స్టీవర్ట్ అతనికి ఒకే షరతు పెట్టాడు: నడత బాగుండి, చదువు సాగితేనే బాక్సింగ్ నేర్పుతానని. కుర్రాడు దారిలో పడ్డాడు. ఆ తర్వాత బాక్సింగ్ కోచ్ కస్ డమాటో అతన్ని చేరదీసి, ఇంట్లో పెట్టుకుని కన్నబిడ్డలా చూశాడు. కానీ బడిలో తప్పు చేశాడని శిక్షకుడు టెడ్డీ అట్లాస్ టైసన్‌ను జిమ్‌కు రానివ్వకపోతే, డమాటో అడ్డుపడేవాడట. ఈ మాట అట్లాసే చెప్పాడు. చివరికి తన బంధువుల పిల్లతో టైసన్ అసభ్యంగా ప్రవర్తించాడని అట్లాస్ తిరగబడితే, జిమ్ విడిచి వెళ్ళింది అట్లాసే. 1986లో, 20 ఏళ్ళకే టైసన్ హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1992లో అత్యాచారం కేసులో దోషిగా తేలి జైలుకెళ్ళాడు. ఆ నేరం అతనిదే, గురువుది కాదు. అయినా గెలిచేవాడికి నియమాలు వర్తించవన్న పాఠం ఆ జిమ్‌లోనే అతనికి అందింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. 2013 మార్చిలో హైదరాబాద్ టెస్టులో ఇన్నింగ్స్ 135 పరుగుల తేడాతో ఓడిన ఆస్ట్రేలియా క్రికెట్ జట్టును, మెరుగుపడే మార్గాలు రాసివ్వమని కోచ్ మికీ ఆర్థర్ అడిగాడు. రాసివ్వని నలుగురిని, వాట్సన్, జాన్సన్, ప్యాటిన్సన్, ఖవాజాలను, మొహాలీ టెస్టుకు పక్కనపెట్టాడు. ఇది ఈ ఒక్క తప్పుకే కాదు, పేరుకుపోయిన నిర్లక్ష్యానికని కెప్టెన్ క్లార్క్ సమర్థించాడు. పేరుకుపోనివ్వడమే అసలు పొరపాటు. ఏ రోజు తప్పును ఆ రోజే సరిదిద్ది ఉంటే అంత పెద్ద దెబ్బ అవసరమయ్యేది కాదు. సిరీస్ 4-0తో పోయింది. జూన్‌లో యాషెస్ ముంగిట ఆర్థర్ ఉద్యోగమూ పోయింది.

కాబట్టి నియమాలు నాలుగే పెట్టు, గోడ మీద రాయించు. ఆలస్యంగా వచ్చినవాడికి ఆ రోజు స్పారింగ్ లేదు. అయితే ఇంటికి పంపకు, స్కిప్పింగ్ చేయించు. అతన్ని బయటికి నెడితే, నీ మాట వినపడే చోటు కూడా లేకుండా పోతుంది. సహాయ కోచ్‌తోనూ, అసోసియేషన్ పెద్దలతోనూ ముందే మాట్లాడుకో. నువ్వు వేసిన శిక్షను మరొకరు మాఫీ చేస్తే, ఆ నియమాన్ని ఇక ఎవరూ లెక్కచెయ్యరు.

చెయ్యి మాత్రం ఎత్తకు, నలుగురిలో తిట్టకు. బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. బడికి తగనిది జిమ్‌కూ తగదు. పైగా కొట్టి నేర్పితే, వాడు హాస్టల్లో చేస్తున్న పనికి నువ్వే దారి చూపినట్టవుతుంది.

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళు. తిండి, నిద్ర, ఇంటి గొడవలు అడిగి తెలుసుకో. కారణం తెలిస్తే సాయం చెయ్యి, శిక్ష మాత్రం తగ్గించకు. శిక్ష పూర్తయ్యాక ఆ తప్పును మళ్ళీ ఎత్తకు.

ఇక చిన్నపిల్లల్ని కొట్టడం ఆలస్యంగా రావడం లాంటిది కాదు. వార్డెనుకూ, దెబ్బలు తిన్న పిల్లల తల్లిదండ్రులకూ రేపే చెప్పు. పతకం కోసం దాచిపెట్టకు. ఈసారి పోటీలకు అతన్ని పంపకు, ప్రాక్టీసు మాత్రం నీ కళ్ళెదుటే సాగనివ్వు. పతకం వచ్చే ఏడాదైనా వస్తుంది. దెబ్బలు తిన్న ఆ పిల్లలకు ఈ రోజే నువ్వు దిక్కు.

ఇట్లు,
మీ మాస్టారు