దివాలా – కిరాయి ఇల్లు

దివాలా, కిరాయి: ఈ రెండు మాటలూ మన కళాశాలలో ఉర్దూవారికీ తెలుగువారికీ సొంతమే. లక్డారం క్వారీలో పనిచేయుచు, ‘ఐ.పి. పెట్టినాడు’ అని పేరుపడినవానికి ఇల్లెవరిత్తురను సంగతిని మనము కొంత విచారింతము.

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము అతడు కిరాయికి ఉండరాదని ఎక్కడను చెప్పలేదు. అది శిక్షించునది వేరు. కోర్టు దివాలాదారుగా ప్రకటించిన వ్యక్తి, విముక్తి పొందకమునుపు, ఆ సంగతి దాచి 50 రూపాయలు గాని అంతకుమించి గాని అరువు పొందినచో ఆరు నెలల వరకు జైలు పడవచ్చును. కావున కిరాయి ముందుగా చెల్లించుట మేలు. అప్పుడది అరువు కాదు.

ఇంటి యజమాని భయమును మనము తప్పుపట్టజాలము. జీతమంతయు అప్పులవారే లాగుకొందురని ఆయన తలపు. అది సరికాదు. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారము, సాధారణమైన అప్పు డిక్రీలో, జీతమున మొదటి 1,000 రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును జప్తు కావు. వంటపాత్రలు, పరుపులు, చేతిపనివాని పనిముట్లు కూడ అంతే. కూలివాని వేతనమైతే అసలే జప్తు కాదు! విచిత్రమేమనగా, ఇంత రక్షణ గల క్వారీ కూలీకి చూపుటకు జీతపు చీటీ యుండదు. ఫ్యాక్టరీ ఉద్యోగికి ఉండును. కూలీకి మేస్త్రీ మాటయే ఆధారము.

పదకొండు నెలల కాగితము వ్రాయించుకొన్నను, నెలనెలా రసీదు అడిగి తీసుకొనవలెను. మరుసటి ఇంటివారికి చూపదగినవి ఆ రసీదులే.