సమాజశాస్త్ర ప్రాథమిక పరిభాష – మేనరికము ఉదాహరణముగా

ప్రాచ్య కళాశాలలలో ధర్మశాస్త్రమును పఠించు విద్యార్థికి సమాజశాస్త్ర పరిచయమున తొలి చిక్కు పదములతోనే కలుగుచున్నది. పరిభాషలోని మాటలు పెక్కు అతడెరిగినవే. అర్థములు మాత్రము వేరు. ఈ భేదమును ఆదిలోనే తెలుపనిచో, స్మృతివాక్యమును పూర్వసమాజ వృత్తాంతముగా భ్రమించు దోషము కడవరకు నిలుచును. తెలుగువారికి చిరపరిచితమైన మేనరికమును ఉదాహరణముగా గైకొని మూలభావనలు కొన్ని ఇచట వివరింపబడుచున్నవి.

1. సమాజము

పశువుల మందను చెప్పునపుడు 'సమజ'మనియు, ఇతరుల కూటమిని చెప్పునపుడు 'సమాజ'మనియు సంస్కృతమున రూపభేదము కలదు. దీనికి మూలము పాణిని సూత్రము (3-3-69). అమరకోశమును ఈ భేదమును పాటించినది. సమాజశాస్త్ర ప్రవేశమునకిది మంచి ద్వారము. కూడుట మాత్రముచేత సమాజమేర్పడదు. రైల్వే స్టేషనులో వేచియున్న వేయిమంది వట్టి గుంపు. పెండ్లిపందిటిలోని నూరుమంది అట్లు కారు. ఎవరికెవరేమగుదురో, ఎవరేమి చేయవలెనో వారెరుగుదురు. పరస్పరాపేక్షతోను నియమములతోను కూడిన ఈ సంబంధముల అల్లికయే సమాజము.

2. అంతస్తు, పాత్ర

వధువును గంపలో కూర్చుండబెట్టి మండపమునకు తెచ్చువాడు మేనమామ. 'మేనమామ' యనునది అతని అంతస్తు. గంపనెత్తుట ఆ అంతస్తునకు తగిన పాత్ర. వాడుకలో అంతస్తనగా కలిమి, లేదా మేడ. శాస్త్రమున అది సంబంధములలో మనుష్యునికి గల స్థానము మాత్రమే. మేనమామ అంతస్తు బంధుత్వముచే సంక్రమించినది. అధ్యాపకుని అంతస్తు స్వప్రయత్నముచే ఆర్జితము.

3. ప్రమాణము, సంస్థ

తార్కికునకు ప్రమాణమనగా ప్రత్యక్షాది జ్ఞానసాధనము. సాంఘిక ప్రమాణమనగా ఒక సమూహము తనవారినుండి ఆశించు నడవడి. అట్లే సంస్థ యనగా కార్యాలయము కాదు. ఒక ప్రయోజనమునకై యేర్పడి తరతరములుగా నిలిచిన ప్రమాణముల సముదాయము. వివాహమట్టి సంస్థ.

తెలుగు బాలునికి పినతల్లి కుమార్తె అక్కయో చెల్లెలో యగును. మేనమామ కుమార్తె వదినెయో మరదలో యగును. అత్త, మామ యను పిలుపులు మేనత్త మేనమామలకును, పెండ్లియైన పిదప భార్య తలిదండ్రులకును చెల్లుచున్నవి. ఎవరిని పెండ్లియాడవచ్చునో, ఎవరిని ఆడరాదో భాషయే చెప్పుచున్నది. పిలుపులు నేర్చుచునే బాలుడు ప్రమాణమును నేర్చును. ఇట్లు నేర్చుటకే సాంఘికీకరణమని పేరు.

4. విధి, స్థితి

అన్నిటికంటె ముఖ్యమైన భేదమిది. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున మేనత్త కుమార్తెను, మేనమామ కుమార్తెను భార్యగా గ్రహింపరాదని నిషేధము కలదు. ఇంతమాత్రమే చదివిన విద్యార్థి, పూర్వము మేనరికము లేదని నిశ్చయించును. కాని బౌధాయన ధర్మసూత్రము, వివాదాస్పదములైన దక్షిణదేశాచారములైదింటిలో ఈ రెండు వివాహములను పేర్కొనుచున్నది. ఒక దేశపు ఆచారమును వేరొకచోట నడపిన దోషమనియు, ఆయా దేశముననే దానికి ప్రామాణ్యమనియు అందలి మాట. గౌతముడు దీనినంగీకరింపడనియు అచటనే కలదు. తరువాత కుమారిలభట్టు తంత్రవార్తికమున ఈ దాక్షిణాత్యాచారమును ఆక్షేపించెను. విజయనగర కాలమున మాధవాచార్యుడు పరాశరస్మృతి వ్యాఖ్యలో సమర్థించెను. నిషేధమును, ఆక్షేపమును, సమర్థనమును గూడ ఆచారము నిలిచియుండుటకే సాక్ష్యములు.

మీమాంసకులు సాధ్యమును, సిద్ధమును వేరుచేయుదురు. చేయవలసినదానిని విధించుట ధర్మశాస్త్రము పని. జరుగుచున్నదానిని, దాని కారణములను పరిశీలించుట సమాజశాస్త్రము పని. పరిశీలించుట సమర్థించుటయు కాదు, నిందించుటయు కాదు.

ఈ రెంటిని కలిపి చదువుటకు మార్గము లేకపోలేదు. ఇరావతీ కార్వే సంస్కృత గ్రంథములను, క్షేత్రపరిశీలనమును జోడించి భారతదేశ బంధుత్వ వ్యవస్థలపై 1953లో గ్రంథము ప్రకటించెను. హైదరాబాదు సమీపమున నున్న శామీర్‌పేటను పరిశీలించి ఎస్. సి. దూబే 1955లో భారతీయ గ్రామమును గూర్చిన గ్రంథము వెలువరించెను. ఆ 1955 సంవత్సరముననే వచ్చిన హిందూ వివాహ చట్టము నిషిద్ధ బంధుత్వములలో వివాహమును వారించుచునే, ఉభయపక్షముల ఆచారము అనుమతించినచో చెల్లునని మినహాయించెను. బౌధాయనుడు చూపిన విధ్యాచారముల వివాదము నేటి చట్టమునను ఈ రూపమున కనబడుచున్నది.

కావున స్మృతిపాఠమును చెప్పు అధ్యాపకుడు ప్రతి వాక్యమునకు మూడు ప్రశ్నలను విద్యార్థిచే వేయింపవలెను: ఇది విధియా, వృత్తాంతమా? ఏ సమూహమును ఉద్దేశించినది? ఆచరణమునకు వేరు సాక్ష్యమేది? పిదప విద్యార్థి తన యింటి వరుసలను తానే వ్రాసికొని గ్రంథముతో పోల్చిచూడవలెను. అట్లు చేసినవానికి శాస్త్రముపై గౌరవము తగ్గదు. శాస్త్రమెవరితో వాదించుచున్నదో తెలియును.