పికప్ బండి టైరు హెచ్చరిక దీపము: లోపము గాలిదా, సెన్సరుదా?

నూలు బేళ్లు తెచ్చుకొనుటకును, నేసిన చీరలను అంగడికి చేర్చుటకును మన కుటుంబములలో పలువురు నేడు పికప్ బండ్లను వాడుచున్నారు. సేలములో ఉన్నను, షోలాపూరులో ఉన్నను, బరంపురములో ఉన్నను మన సరకు రోడ్డు మీదనే నడువవలెను గదా. ఈ బండ్లలో కొన్నింటికి, టైరులో గాలి తగ్గినప్పుడు డ్రైవరుకు తెలియజేయు సెన్సర్లు కంపెనీనుండియే అమర్చి వచ్చుచున్నవి. తక్కినవారు బజారులో సెట్టు కొని బిగించుకొనుచున్నారు. "దీపము ఊరక వెలుగుచున్నది, ఏమి చేయవలెను?" అని సభ్యులు మమ్ము అడుగుచున్నందున ఈ పాఠము వ్రాయుచున్నాము.

మొదట ఒక్క మాట. దీపము వెలిగినప్పుడు ముందుగా గాలిని అనుమానింపవలెను. సెన్సరును తరువాత అనుమానింపవచ్చును. పడుగులో పోగు తెగినట్లు కనబడగానే నేతగాడు మగ్గము నాపి చూచునే గాని, తన కన్ను చెడినదేమో అనుకొని నేత సాగింపడు. ఇక్కడను అంతే.

కిందటి సంవత్సరము మా సభ్యులొకరి బండిలో ఈ దీపము మాటిమాటికి వెలుగుచుండగా, సెన్సరు చెడినదని తలచి డ్రైవరు దాని మీద నల్లటేపు అంటించెను. పదునైదు దినముల తరువాత గేజి పెట్టి చూడగా వెనుక ఎడమ టైరులో 60 పాయింట్లు ఉండవలసిన చోట 34 మాత్రమే ఉన్నవి. టైరు విప్పగా లోపలి పక్కగోడ రబ్బరు నలిగి పొడియై రాలుచున్నది. ఆ దినమున బండిలో పదకొండు కుటుంబముల నేత ఉన్నది. టైరు పోయినది గాని, మనిషియు సరకును దక్కినవి.

గాలి తగ్గిన టైరు బరువు కింద అణగి, తిరిగిన ప్రతిసారియు దాని పక్కగోడ ముడుచుకొని విప్పుకొనుచుండును. అందువలన వేడి పుట్టును. వేడి హెచ్చినకొలది రబ్బరునకును లోపలి దారములకును పట్టు సడలి, తుదకు టైరు పగులును. బరువు, వేగము, ఎండ మూడును కలిసినచో ఇది మరింత త్వరగా జరుగును. అమెరికాలో టైర్లు పగిలి చాలమంది మరణించిన పిమ్మట 2000 సంవత్సరములో ట్రెడ్ చట్టము వచ్చినది. దాని ననుసరించి 2007 సెప్టెంబరునుండి అక్కడ తయారగు చిన్న వాహనములకును పికప్ బండ్లకును ఈ హెచ్చరిక దీపము తప్పనిసరి యైనది. ఉండవలసిన గాలిలో నాలుగవ వంతు తగ్గినచో దీపము వెలుగవలెనని అక్కడి నియమము. ఈ లెక్క మనకును పనికివచ్చును.

సెన్సర్లు ముఖ్యముగా మూడు విధములు. చక్రము లోపల వాల్వునకు తగిలించి ఉండునది మొదటిది. వాల్వు మూత స్థానములో బయట బిగించునది రెండవది. బజారు సెట్లలో ఇది ఎక్కువ. మూడవ విధములో టైరుకు సెన్సరే ఉండదు. బ్రేకుల ఏ.బి.యస్. యంత్రము చక్రముల తిరుగుడు లెక్కించి, గాలి తగ్గి చిన్నదైన చక్రము ఎక్కువసార్లు తిరుగుటను బట్టి హెచ్చరించును. ఇట్టి బండిలో గాలి సరిచేసిన తరువాత మీట నొక్కి, అదియే సరియైన గాలి అని యంత్రమునకు తెలుపవలెను.

ఇక తనిఖీ వరుస చెప్పుచున్నాము. వరుస తప్పక చూచుకొనవలెను.

1. గేజితో కొలుచుట. బండి కనీసము మూడు గంటలు నిలిచిన తరువాత, చల్లని టైరునే కొలువవలెను. ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టీలో ఉండును. టైరు మీద అచ్చొత్తిన అంకె ఆ టైరు ఓర్చుకొను హెచ్చు గాలి. అది మీ బండి లెక్క కాదు. సరకు బండికి ముందు టైర్లకు ఒక అంకె, వెనుక టైర్లకు అంతకంటె పెద్ద అంకె ఉండుట కలదు. తిరిగి వచ్చిన వేడి టైరులో గాలి హెచ్చుగా కనబడును. దానిని చూచి గాలి తీయరాదు.

2. చలిని గుర్తించుట. చలికాలపు తెల్లవారుజామున వెలిగి, ఎండ ఎక్కిన తరువాత ఆరు దీపము చెడిన దీపము కాదు. 35 పాయింట్ల టైరులో పది డిగ్రీల చలికి సుమారు ఒకటిన్నర పాయింటు తగ్గును. 60 పాయింట్ల టైరులో సుమారు రెండున్నర తగ్గును. అనగా గాలి ఇదివరకే అంచున ఉన్నదని అర్థము. చల్లని టైరుకు గాలి నింపవలెను.

3. దీపము తీరు చూచుట. నిలకడగా వెలిగినచో గాలి తక్కువ. బండి స్టార్టు చేయగానే ఒక నిమిషమునుండి నిమిషమున్నర వరకు మినుకుమినుకుమని, తరువాత నిలకడగా వెలిగినచో సెన్సర్ల ఏర్పాటులోనే లోపము. ఈ గుర్తు కంపెనీ అమర్చిన దీపములకు వర్తించును. బజారు సెట్లకు వాటి పుస్తకము చూడవలెను.

4. మూత చుట్టు గాలి పోవుట. బయట బిగించు సెన్సరు వాల్వు పిన్నును ఎప్పుడును నొక్కియే ఉంచును. దానిలోని రబ్బరు వాషరు అరిగినచో, గాలిని కాపాడవలసిన సెన్సరే గాలిని పోగొట్టును. పైన చెప్పిన బండిలో జరిగినది ఇదియే. బిగించిన ప్రతిసారియు సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూడవలెను. రబ్బరు వాల్వు కాడ మీద సెన్సరు బరువు ఊగి మొదట పగుళ్లు వచ్చును గనుక, ఆ చోటును వంచి చూడవలెను.

5. హద్దు సరిచేయుట. బజారు సెట్టును కారు టైర్ల లెక్కకు అమర్చి అమ్ముట కలదు. అట్టి సెట్టు పికప్ బండి వెనుక టైరులో 60 పాయింట్లు 35 కు దిగినను పలుకదు. వెలుగు దీపము కంటె వెలుగని ఈ దీపమే ఎక్కువ ప్రమాదము. ముందు టైర్లకు, వెనుక టైర్లకు వేరువేరు హద్దులు పెట్టవలెను. 60 పాయింట్ల టైరుకు నాలుగవ వంతు తీయగా 45. అంతకు దిగకముందే దీపము వెలుగునట్లు చూచుకొనవలెను. సెన్సరు అంత హెచ్చు గాలిని కొలువగలదో లేదో కొనకముందే అడుగవలెను.

6. బ్యాటరీ, స్థానము, కబురు. బయటి సెన్సర్లలో చిన్న బిళ్ల బ్యాటరీ ఉండును, దానిని మార్చవచ్చును. లోపలి సెన్సరు బ్యాటరీ సాధారణముగా ఐదునుండి పది సంవత్సరములు వచ్చును. అది అయిపోయినచో సెన్సరే మార్చవలెను. టైర్లు ముందువి వెనుకకు మార్చినప్పుడు సెన్సర్లకు కొత్త స్థానము నేర్పవలెను. లేనిచో ఒక టైరు గాలి మరొక టైరు పేర కనబడును. పెక్కు సెన్సర్లు బండి నిలిచినప్పుడు నిద్రించును గనుక, గాలి నింపిన తరువాత కొన్ని నిమిషములు నడిపినగాని దీపము ఆరకపోవచ్చును. నాసిరకపు ఫోను ఛార్జరు దగ్గర ఉన్నచో రేడియో కబురు చెడవచ్చును. దానిని తీసి చూడవలెను. మన దేశములో 433 మెగాహెర్ట్జుల సెన్సర్లు వాడుక. అమెరికాలో చాల బండ్లకు 315 వాడుదురు. ఆ సెన్సరు తెచ్చి బిగించినను ఇక్కడి పెట్టె వినదు. పంక్చరు షాపులో టైరు విప్పునప్పుడు లోపల సెన్సరు ఉన్నదని ముందుగా చెప్పవలెను. లేనిచో ఇనుప కమ్మి తగిలి విరుగును.

దారిలో దీపము వెలిగినచో గట్టిగా బ్రేకు వేయక, వేగము తగ్గించి, రోడ్డు పక్కన భద్రమైన చోట ఆపి నాలుగు టైర్లను చూడవలెను. ఎప్పుడును బండిలో ఒక గేజి, గాలి నింపిన స్టెపినీ ఉండవలెను. స్టెపినీకి సెన్సరు లేనిచో అది బిగించినప్పుడు దీపము వెలుగుట సహజము.

వారమున కొకసారి, సరకు ఎక్కించక ముందు, నాలుగు టైర్ల అంకెలును తేదీతో ఒక నోటు పుస్తకములో వ్రాయించుడు. ఒకే టైరు వారము వారము రెండు మూడు పాయింట్లు తగ్గుచున్నచో మేకో, వాల్వో, రిమ్మో ఏదో ఉన్నదని దీపము చెప్పకముందే పుస్తకము చెప్పును.

బండి యజమానులకు ఇంకొక మనవి. డ్రైవరు దీపమునకు టేపు అంటించుట తరచు సోమరితనము వలన కాదు. ఆలస్యమైనందుకు మనము కోపపడుదుమను భయము వలన. గాలికై ఆగిన అరగంటకు లెక్క అడుగబోమని అతనికి ముందే చెప్పి పంపుడు.